బొంతయ్య నడుము, స్వామి పల్లకీ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో దొరకని పండంటూ లేదు. దొరికిన పండును వదిలిపెట్టని ఎలుగుబంటి ఒకటి అక్కడ ఉండేది. దాని పేరు బొంతయ్య.

బొంతయ్యకు వయసు మళ్ళింది. నడుములో కీళ్ళు అరిగి, వాతం చేరింది. వంగితే లేవలేడు, లేస్తే వంగలేడు. నొప్పి అని తిరగడం మానేశాడు గాని తినడం మానలేదు. కూర్చున్నచోటికే పనసతొనలు తెప్పించుకునేవాడు. పొట్ట ముందుకు పెరిగినకొద్దీ నడుము వెనక నుంచి మొరపెట్టేది.

పోనీలే ముసలితనం అని సరిపెట్టుకునేవాడే. కాని లోపల ఒక దిగులు ఉంది. ఆ అడవి మధ్యన కొండమీద, గుహలో నరసింహస్వామి వెలిశాడు. ఏటా చిగుళ్ళు తొడిగే రోజుల్లో స్వామి పల్లకీ కొండెక్కుతుంది. పల్లకీని ముందు నుంచి భుజాన మోసే హక్కు ఎలుగుబంట్ల ఇంటిది. బొంతయ్య తాత మోశాడు. తండ్రి మోశాడు. బొంతయ్య కూడా మీసం రాకముందు నుంచీ మోస్తున్నాడు.

పోయిన ఏడాది మాత్రం సగం దారిలో నడుము పట్టేసి కూలబడ్డాడు. పల్లకీ వాలింది. స్వామి పాపం ఒక పక్కకు ఒరిగిపోయాడు. అప్పుడు అడవిపంది కోరలయ్య ఎంతో జాలిగా దగ్గరికొచ్చాడు.

"నీకెందుకు మామా ఈ శ్రమ? వచ్చే ఏడు కూడా ఇలాగే అయితే ఆ భుజం మా ఇంటికి వదిలెయ్యి. నువ్వు వెనకాల గంట వాయించుకుంటూ రా" అన్నాడు.

ఆ మాట నడుము నొప్పికంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

ఓబులత్త దగ్గరికి వెళ్ళమని భార్య గుమ్మడమ్మ పోరింది. ఓబులత్త అంటే ముసలి కొండముచ్చు. వెన్నుపూసలు వేళ్ళతో తడిమి, బిగిసినచోట నొక్కి సరిచేయడం ఆవిడ విద్య. బొంతయ్యకు ఆవిడ చేతులంటే భయం లేదు. తిండి తగ్గించమంటుందేమోనని భయం. అందుకని ముందు గాడిద గంటన్న దగ్గరికి వెళ్ళాడు.

గంటన్న ఎదురుకాళ్ళతో పుట్టినవాడు. అలా పుట్టినవాళ్ళ కాలు తగిలితే నడుంపట్టు వదులుతుందని ఆ అడవిలో అందరికీ నమ్మకం. బొంతయ్య తాంబూలం పెట్టి, వీపు తిప్పి నిలబడ్డాడు. కాలు మెల్లగా తాకిస్తే చాలునట. గాడిదకు మెల్లగా తన్నడం ఎవరు నేర్పారు? బొంతయ్య వెళ్ళి తుప్పల్లో పడ్డాడు.

"పట్టు వదిలిందా బావా?" అని గంటన్న ఆప్యాయంగా అడిగాడు.

"వదిలింది బావా. ప్రాణం కూడా వదలబోయింది, నేనే పట్టుకున్నాను" అన్నాడు బొంతయ్య.

ఇక ఓబులత్త ఇల్లే దిక్కయింది. ఆవిడ వెంటనే చెయ్యి వెయ్యలేదు. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా, పట్టు తప్పుతున్నాయా అని అన్నీ అడిగింది. లేదన్నాకే బోర్లా పడుకోబెట్టి వెన్ను తడిమింది. ఒకచోట సుతారంగా నొక్కింది. టక్కుమని చప్పుడైంది. తన నడుము విరిగిందనుకుని బొంతయ్య స్వామిని తలచుకున్నాడు. తీరా చూస్తే హాయిగా ఉంది. నయమైపోయిందని లేచి, అటునుంచి అటే పనసచెట్టు దారి పట్టబోయాడు.

"కూర్చో అల్లుడూ" అంది ఓబులత్త. "అరిగిన కీలు నా చేత్తో కొత్తది కాదు. బిగిసింది వదులు చేశాను, అంతే. నువ్వు స్వామిని ఏడాదికి ఒక్కరోజు మోస్తావు. నీ నడుము నీ పొట్టను రోజూ మోస్తోంది. దాని బరువు తగ్గించేది నువ్వే."

వారం వారం వచ్చి వెన్ను చూపించుకోమంది. పొద్దున్నే నడవమంది. పిల్లి ఒళ్ళు విరుచుకున్నట్టు వీపు పైకీ కిందికీ సాగదీయమంది. భోజనం మాత్రం ఒక్కపొద్దే చెయ్యాలని, రెండో పూట ఏదో ఒక పండుతో సరిపెట్టుకోవాలని చెప్పి పంపింది.

బొంతయ్య భక్తిగా ఒక్కపొద్దు మొదలుపెట్టాడు. పొద్దు పొడుస్తుండగా విస్తరి ముందు కూర్చున్నాడు. మధ్యాహ్నమైంది. సాయంత్రమైంది. ఆయన తింటూనే ఉన్నాడు. గుమ్మడమ్మ వడ్డించి వడ్డించి అలిసిపోయింది.

"ఏమయ్యా, ఇదేం ఒక్కపొద్దు?" అని అడిగింది.

"విస్తరి ముందు నుంచి లేస్తే కదా ఆ పూట అయిపోయినట్టు? నేను లేచానా? ఓబులత్త మాట నేను జవదాటను" అన్నాడు బొంతయ్య, ఇంకో తొన అందుకుంటూ.

పొద్దు వాలాక లేవబోయాడు. నడుము లేవనివ్వలేదు. గుమ్మడమ్మ చేతులు పట్టుకుని లాగింది. ఆవిడే వచ్చి ఆయన మీద పడింది. ఆ గోల విని ఓబులత్త పరుగున వచ్చి, పక్కనున్న చెట్టుకొమ్మ మీద కూర్చుంది. సంగతి విని నవ్వాపుకోలేక కొమ్మ మీద నుంచి జారిపోబోయింది. కాసేపటికి నవ్వు ఆపి, మెల్లగా ఒక మాట చెప్పింది.

"దారిలో కోరలయ్య కనిపించాడు అల్లుడూ. చింతపండు పెట్టి గంట తోముతున్నాడు. నీకోసమేనట."

విస్తట్లో ఇంకా తొనలున్నాయి. బొంతయ్య వాటివైపు చూశాడు. తరవాత చేతులు తుడుచుకుని, విస్తరి గుమ్మడమ్మ వైపు జరిపేశాడు.

మర్నాటి నుంచి ఆకలి తీరగానే లేవడం నేర్చుకున్నాడు. మొదట్లో పుట్టదాకా నడిచి, సణుక్కుంటూ తిరిగొచ్చేవాడు. తరవాత వాగుదాకా వెళ్ళాడు. ఆ తరవాత కొండ మొదలుదాకా. నొప్పి ఎక్కువైన రోజున తక్కువ నడిచేవాడు గాని, ఇంట్లో కూర్చునేవాడు కాదు. ఓబులత్త చేతులు తమ పని తాము చేస్తూ వచ్చాయి. బొంతయ్య బొచ్చు ఎవరిదో అరువు తెచ్చుకున్న దుప్పటిలా వేలాడసాగింది. నొప్పి పూర్తిగా పోలేదు. ఇదివరకు ఇంటి యజమానిలా ఉండేది, ఇప్పుడు చుట్టపుచూపుగా వచ్చిపోతోంది.

ఉత్సవం వచ్చింది. బొంతయ్య స్వామికి మొక్కి పల్లకీ భుజానికెత్తుకున్నాడు. కోరలయ్య గంట పట్టుకుని పక్కనే నడిచాడు. నిట్టనిలువు మలుపు దగ్గర నడుము చురుక్కుమంది. పోయిన ఏడాదైతే పళ్ళు బిగించి నడిచేవాడు. ఈసారి చెయ్యెత్తి అందరినీ ఆపాడు. పల్లకీని బండ మీద దింపించి, అడవంతా చూస్తుండగా పిల్లిలా ఒళ్ళు విరిచాడు. కోతులు కిచకిచ నవ్వాయి.

"స్వామి ఎదురుచూస్తున్నాడు మామా" అని కోరలయ్య దెప్పాడు.

"చూడనీరా. నిరుడు ఒరిగాడు, ఈసారి నిటారుగా వస్తాడు" అన్నాడు బొంతయ్య.

అన్నట్టే పల్లకీ వాలకుండా కొండెక్కింది. గుహ ముందు దింపగానే బొంతయ్య సాష్టాంగపడ్డాడు. నడుము మొరాయించడం మొదలయ్యాక ఆయన నేల మీద పడి మొక్కింది లేదు. పడినవాడు ఎంతకీ లేవలేదు. గుమ్మడమ్మ గబగబా వెళ్ళి చెయ్యి అందించింది.

"ఉండవే" అన్నాడు బొంతయ్య, నేలమీద నుంచే. "ఇన్నాళ్ళూ నిలబడే మొక్కాను. బాకీ మొక్కులన్నీ చెప్పుకోనీ."

అన్నీ చెప్పుకున్నాడు. తరవాత చేతులు ఆన్చి, మోకాళ్ళు మడిచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తనంతట తానే లేచాడు.

నీతి: పట్టేసిన నడుమును సరిచేయడానికి ఇంకొకరి చెయ్యి కావాలి, ఆ నడుము నిలబడాలంటే మాత్రం మన నోరు తగ్గాలి, మన కాళ్ళు కదలాలి.