పొట్టేలు ఇచ్చిన సరంగు పట్టా

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, మడ అడవి ఒడ్డున ఒక గొర్రెల మంద ఉండేది. ఎండాకాలం వచ్చిందంటే ఒడ్డున గడ్డి ఉప్పుబారి చచ్చేది. పచ్చిక ఉన్నదల్లా నడి ఏటి లంకలోనే. అక్కడికి పడవ నడిపే సరంగులు నీటికుక్కలు. ఆ కుర్రకారంతా ఇప్పుడు రొయ్యల చెరువుల గట్లకి కాపురాలు మార్చేసింది. కూర్చున్న చోటే కూడు దొరుకుతుంటే ఏటికి ఎదురు పోయేదెవరు? ఇక్కడ తల్లులకి పాలు లేక గొర్రెపిల్లల డొక్కలు ఎండిపోతున్నాయి.

మంద పెద్ద వీరాస్వామి అనే పొట్టేలు. కొమ్ములు గట్టివే, వాటి మధ్య ఉన్నదే కాస్త మెత్తన. పాత కట్టుబాటు ప్రకారం సరంగు పట్టా కావాలంటే ఈ ఒడ్డునే పుట్టి ఉండాలి, పైగా ముసలి తాబేలు ఎదుట ఆటుపోట్లలో పడవ నడిపి చూపాలి.

"ఒక షరతు సడలించక తప్పదు," అన్నాడు వీరాస్వామి సభలో. "నీటికుక్క పోలమ్మకి పని వచ్చు. కానీ పరాయి తీరంలో పుట్టి, తుఫానుకి ఇటు కొట్టుకొచ్చింది."

"పరీక్ష పెట్టండి అయ్యగారూ, ఇస్తాను," అంది పోలమ్మ.

నక్క గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. సరంగుకి దక్కే చేపల బుట్ట మీద వాడికి ఎప్పటినుంచో కన్ను. "బావగారూ, పుట్టుక సడలిస్తే మన ఒడ్డు పరువేం కాను? పరీక్ష సడలించండి. ఈ పూటే సరంగు దొరుకుతాడు."

"ఎవరు?"

"నేను లేనూ? ఇక్కడే పుట్టాను."

వీరాస్వామికి తల తిరిగింది. పరువూ నిలుస్తుంది, సరంగూ దొరుకుతాడు. మరి ఈ గుబులెందుకు? ఎక్కడో తప్పుంది, ఎక్కడో తెలియడం లేదు. తెలియక, పట్టా ఇచ్చేశాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా!

గడ్డి కొరికే వయసొచ్చిన పిల్లలన్నిటినీ ముందుగా పడవెక్కించి వీరాస్వామి కూడా ఎక్కాడు.

"అయ్యా, ఆటు మొదలైంది, నీళ్ళు సముద్రంలోకి లాగేస్తాయి, కాసేపాగండి," అంది ఒడ్డు మీంచి పోలమ్మ.

"పరాయిదానికి మన ఏటి సంగతేం తెలుసు?" అని గవర్రాజు పడవ తోశాడు.

నడి ఏట్లో పడవ లంకకి పోక మొగ వైపు తిరిగింది. గవర్రాజు చుక్కాని ఎటు తిప్పినా అది సముద్రం వైపే. పిల్లలు అరుపులు మొదలెట్టాయి. వీరాస్వామికి ఎవర్ని కుమ్మాలో తోచలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఇంతలో పోలమ్మ ఈదుకుంటూ వచ్చి పడవ అంచు పట్టుకుంది. "చుక్కాని అందుకోమంటారా?"

"దానికి పట్టా లేదు," అన్నాడు గవర్రాజు, చుక్కాని వదలకుండానే.

వీరాస్వామి వాడి వంక చూశాడు. "ఒరే గవర్రాజూ, నువ్వు పుట్టిందెక్కడ?"

"మన ఒడ్డునే కదా బావగారూ."

"మరి ఒడ్డున పుట్టినవాడికి నీళ్ళ మీద పెత్తనం ఎందుకిచ్చానురా?"

అంతసేపూ తల తిప్పిన ముడి ఆ మాటతో వీడింది. "పోలమ్మా, చుక్కాని నీదే. పట్టా నీదే."

పోలమ్మ పడవని ఇసుక మేటకి ఆనించి, పోటు వచ్చి నీళ్ళు వెనక్కి మళ్ళాక మెల్లగా లంక చేర్చింది. "పట్టా ఇప్పుడే వద్దండీ. తాబేలు తాత ఎదుట నడిపి చూపాకే పుచ్చుకుంటాను," అంది.

పిల్లలు పచ్చికలోకి పరుగెత్తాయి. చేపల బుట్ట పోలమ్మకి దక్కింది. గవర్రాజు లంక ఒడ్డున కూలబడి, తిరిగి వెళ్ళేవేళ పడవలో కాలు పెట్టబోయి ఆగాడు.

"నడిపేది పోలమ్మేనా?" అని అడిగాడు.

"అవును. ఎక్కడ పుట్టిందో అడగవా?" అన్నాడు వీరాస్వామి.

గవర్రాజు గబగబా ఎక్కి కూర్చున్నాడు.

కొరత వచ్చినప్పుడు అడ్డు తీసేయాలి గాని, ఆధారం తీసేయకూడదు.