చెరువు దాకా వెడల్పాటి దారి

అనగనగా ఒక అడవి. ఆ చుట్టుపక్కల ఒకటే చెరువు, దానికి ఒకటే దారి. కుందేలమ్మ లాంటి చిన్నవాళ్ళు ఆ దారి పక్కన చెట్ల నీడలో నడిచి వెళ్ళేవాళ్ళు. నడవలేనివాళ్ళను గేదత్త వీపు మీద ఎక్కించుకునేది. "కాస్త జరగండమ్మా, ఇంకొకరికి చోటుంది" అని పిలిచి మరీ ఎక్కించుకునేది.

ఒకరోజు మంత్రి నక్క ఏనుగెక్కి చెరువుకు వచ్చింది. అంత పెద్ద ఏనుగు మీద ఒక్క నక్క. అందరూ నోరెళ్ళబెట్టి చూశారు. మర్నాడు తోడేలు ఇంకో ఏనుగెక్కింది. ఎలుగుబంటి ఊరుకుంటుందా? దానికీ ఒకటి. చివరికి సింహం రాజుగారూ ఎక్కారు. ఇక దారంతా ఏనుగులే. ముందున్నది కదిలితే గాని వెనకున్నది కదలదు.

"దారి ఇరుకైంది ప్రభూ, వెడల్పు చేయాలి" అంది నక్క.

చెట్లు కొట్టేశారు. దారి వెడల్పయింది. అది చూసి, అంతదాకా వెనకాడినవాళ్ళు కూడా ఏనుగులెక్కారు. దారి మళ్ళీ ఇరుకైంది.

"ఆ గేదె మాటిమాటికీ ఆగుతోంది. మా ఏనుగులకు అడ్డం" అంది నక్క ఈసారి.

గేదత్తను దారి మీదికి రావద్దన్నారు. చిన్నవాళ్ళు నడిచే బాటను కూడా దారిలో కలిపేశారు. కుందేలమ్మ పిల్లలను వెంటేసుకుని ముళ్ళపొదల్లోంచి వెళ్ళాల్సి వచ్చింది. పాపం, చెరువు చేరేసరికి ఆ పిల్లల నాలుకలు పిడచకట్టుకుపోయేవి.

మూడోసారి నక్కకు ఇంకో కష్టం వచ్చింది. "ఏనుగులు నిలపడానికి చోటు లేదు ప్రభూ. చెరువు పూడ్చేస్తే బోలెడు చోటు."

"మరి నీళ్ళో అయ్యా?" అంది కుందేలమ్మ.

"ముందు చేరడం ముఖ్యం. నీళ్ళ సంగతి వచ్చే సభలో చూద్దాం" అంది నక్క. ఏనుగులున్నవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు.

ఎండలు ముదిరాయి. రాజుగారు దాహంతో బయలుదేరారు. ఎక్కడా ఆగకుండా చేరారు. ఏనుగును హాయిగా నిలిపి, "ఇంతకీ చెరువేది?" అన్నారు.

"తమరి ఏనుగు నిలబడింది దాని మీదే మహారాజా" అంది కుందేలమ్మ.

ఏనుగులన్నీ దాహంతో అక్కడే చతికిలబడ్డాయి. అంతలో గేదత్త వచ్చింది. కుందేలు పిల్లలను కొండ అవతలి వాగుకు తీసుకెళ్తోంది. రాజుగారు గొంతు సవరించుకుని, "కాస్త చోటుందా?" అని అడిగారు.

"ఎందుకుండదూ? జరగండమ్మా, రాజుగారు నిలబడి వస్తారట" అంది గేదత్త.

నక్క మాత్రం ఏనుగు దిగలేదు. "ఆ వాగు దాకా కూడా మంచి దారి వేయిద్దాం ప్రభూ" అని వెనకనుంచి అరుస్తూనే ఉంది. రాజుగారు వెనక్కి తిరగలేదు.

నీతి: ఏనుగులకు చోటు చేస్తూ పోతే, చివరికి వెళ్ళాల్సిన చోటే మిగలదు.