వరహాలమ్మ చెయ్యి

విశ్వపతి గారు శిష్యుల ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ఈయనకు వినపడలేదేమోనని అడిగినవాళ్ళకు అనుమానం వచ్చేంతసేపు ఊరుకుంటారు. ఆ తరవాత ఎదురుగా ఉన్న పనేదో చూపించి, "ముందిది కానీ" అంటారు. కాకినాడలో ఆయన దగ్గర చర్మం మీద కత్తిపని నేర్చుకున్న డాక్టర్లలో ఈ అలవాటును విసుక్కోనివాళ్ళు లేరు. మధ్యలో వదిలేసి పోయినవాళ్ళూ లేరు.

ఆయన ఆస్పత్రికి రెండు పూటలా రెండు రకాల జనం వస్తారు. పొద్దున పూట బండి మీంచి జారి మోకాళ్ళు గీరుకున్న కుర్రాళ్ళు, గారెలు వేస్తూ నూనె చింది బొబ్బలెక్కిన ఇల్లాళ్ళు, బరువు జూకాలు మోసి మోసి చెవి తమ్మెలు తెగిన పెద్దవాళ్ళు. సాయంత్రం ముక్కు సన్నం చెయ్యమనేవాళ్ళు, కంటి కింద సంచులు తియ్యమనేవాళ్ళు, ముహూర్తం దగ్గర పడింది మొటిమల గుంటలు పూడ్చమనేవాళ్ళు. పొద్దున దెబ్బలు, సాయంత్రం సోకులు అని అక్కడి నర్సులు నవ్వుకుంటారు. పాపం, ఆ ఎగతాళిలో విషమేమీ లేదు. తీరిక దొరికినప్పుడు వాళ్ళూ అద్దంలో తమ ముక్కులు చూసుకుంటూనే ఉంటారు.

ప్రత్యూష అనే శిష్యురాలికి మాత్రం ఇది నవ్వే విషయంగా కనపడలేదు. శ్రద్ధగా కుట్లు వేసే పిల్ల, మనసు మంచిది, తీర్పు చెప్పడంలోనే కాస్త తొందర. ఒకనాడు మధ్యాహ్నం, చేతులు కడుక్కుంటున్న గురువు గారి పక్కన నిలబడి అడిగేసింది.

"సార్, పొద్దున వచ్చేవాళ్ళకి నొప్పి ఉంటుంది, మాన్పుతాం. సాయంత్రం వచ్చేవాళ్ళకి ఏ నొప్పీ ఉండదు. నొప్పి లేని చర్మం మీద కత్తి పెట్టడం వైద్యమేనా? ఎవరికి చెయ్యాలో, ఎవరిని వెనక్కి పంపాలో మీరెలా తేల్చుకుంటారు?"

విశ్వపతి గారు తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నారు. తుడుచుకోవడం అయ్యాక, "సాయంత్రం మొదట వచ్చే మనిషిని నువ్వు చూడు" అన్నారు.

మొదట వచ్చింది సత్యవేణి. పెద్దాపురంలో జాకెట్లు కుట్టే కొట్టు నడుపుకుంటుంది, ముప్ఫై దాటిన మనిషి. ఎడం చెంప మీద చింతపిక్కంత మచ్చ, దాని చుట్టూ కంటి దాకా ఆవాలు చల్లినట్టు నీలం కలిసిన నల్లటి చుక్కలు ఉన్నాయి. చిన్నప్పుడు దెబ్బ తగిలి మిగిలిపోయిన మచ్చ అంది. చంకలో పది నెలల పాప, ఒక చోట నిలవక తల్లి మెడలో గొలుసు లాగుతోంది. తోడు వచ్చిన తల్లి వరహాలమ్మ బయట బెంచీ మీద ఖాళీ చేతులతో కూర్చుని ఉంటే, పిల్లను లోపలికి ఎందుకు మోసుకొచ్చిందా అని ప్రత్యూషకు తోచింది కానీ అడగలేదు.

మచ్చను దీపం కింద చూసి ప్రత్యూష ఉన్నమాట చెప్పింది. పూర్తిగా పోయే మచ్చ కాదు, కోసి తీస్తే దాని చోట గీత పడుతుంది, కంటి దగ్గర చుక్కలు కొన్ని తియ్యడానికి వీలు కాకపోవచ్చు.

"మీ మొహానికి ఇదొక లోపమేం కాదండీ. ఇల్లుంది, పాపుంది, కొట్టు నడుస్తోంది. ఎవరో ఏదో అన్నారని మీరు కత్తికి ఒప్పుకోకండి" అంది. చెప్పిన తీరులో ప్రేమ కూడా ఉంది.

"అలాగేనండి" అని సత్యవేణి పాపను సర్దుకుని లేచింది. తలుపు దాకా వెళ్ళాక, మూల కుర్చీలో కూర్చుని ఉన్న విశ్వపతి గారు పిలిచారు.

"అమ్మా, నీ మొహం రోజూ ఎవరెవరు చూస్తారు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు ఆమె ఆగిపోయింది. "అందరూ చూత్తారండి. మా ఆయన, మా అత్తగారు, కొట్టుకొచ్చేవాళ్ళు. మా అమ్మొక్కతే చూడదండి" అంది. అని, మళ్ళీ వచ్చి కూర్చుంది.

ఆమె చెప్పింది ఇదీ. ఏడేళ్ళ వయసులో, కొత్తగా కంకర పరిచి తారు పోస్తున్న రోడ్డు మీద, తండ్రి సైకిలు మీంచి పడింది. చెంప చీరుకుపోయి రక్తం కారుతుంటే వరహాలమ్మ కంగారుపడి గుప్పెడు కాఫీ పొడి అద్ది, కొంగు చింపి కట్టు కట్టింది. కూర తరుగుతూ వేలు తెగితే మన ఇళ్ళల్లో అందరమూ చేసే వైద్యమే అది. రక్తం కట్టింది. పక్కు రాలాక కింద నలుపు తేలింది. కాఫీ పొడి కూరి కన్నపిల్ల మొహం మాడ్చుకుంది అని వీధి వీధంతా అన్నది. అన్నవాళ్ళు మర్నాటికి మరిచిపోయారు. వరహాలమ్మ మరిచిపోలేదు. ఆనాటి నుంచీ కూతురితో మాట్లాడవలసి వస్తే ఆమె చేతుల వైపో, భుజం వైపో చూస్తూ మాట్లాడుతుంది.

"నాకేం బాధ లేదండి. నాకు తెలిసినప్పట్నుంచీ నా మొహం ఇదే. ఆ చుక్కలు లేకపోతే అద్దంలో నేనే జడుసుకుంటాను" అంది సత్యవేణి. "పురిటికెళ్తే మా అమ్మ పథ్యం వండింది, రాత్రిళ్ళు మేలుకుంది, అన్నీ చేసిందండి. పిల్లకి నీళ్ళు పొయ్యడానికి మాత్రం పక్కూరి నుంచి మనిషిని పిలిపించింది. నా హస్తవాసి మంచిది కాదు, ఒక మొహం పాడు చేసింది చాలు అంటది. ఇంతవరకూ ఒళ్ళోకి తీసుకోలేదండి. రెండిళ్ళ అవతలే ఉంటది, రోజూ వత్తది. పిల్ల చేతులు చాపితే, చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరతా కూర్చుంటది. ఇప్పుడిప్పుడే పిల్ల చేతులు చాపడం మానేత్తోందండి. ఇంకొన్నాళ్ళు పోతే కొత్త చేసేత్తది. అప్పుడు మా అమ్మ రమ్మన్నా ఎల్లదు."

ప్రత్యూష తన కాగితాల్లోకి తల దించుకుంది. సరైన సలహాయే చెప్పింది, అందులో తప్పు పట్టేదేమీ లేదు. కాకపోతే చెంపకు చెప్పవలసిన సలహా చెప్పి, చెంప వెనక ఉన్న మనిషిని గుమ్మం దాకా పంపేసింది. గురువు గారు ఆ మాట ఎత్తలేదు. శస్త్రచికిత్సకు రోజు చూడమన్నారు, అంతే.

ఆపరేషన్ చిన్నదే. చెంప వరకూ మత్తు ఇచ్చి, విశ్వపతి గారు మచ్చను కోసి తీసి, చుట్టూ ఉన్న చుక్కల్లో అందినవాటిని సూదిమొనతో ఒక్కొక్కటీ పైకి లాగి, వెంట్రుక లాంటి దారంతో కుట్లు వేశారు. లోపలి నుంచి వచ్చిన నలుసులను గాజు గిన్నెలో కడిగించి, వరహాలమ్మను పిలిపించారు. ముసలావిడ గోడకు ఆనుకుని నిలబడింది.

"ఇవి వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూడమ్మా" అన్నారు.

నలిగితేనా. రోడ్డు మీద పరిచిన కంకర నుసి, తారుతో సహా ఇన్నేళ్ళూ ఆ చెంపలో పడి ఉంది. కాఫీ పొడి ఎప్పుడో పక్కుతోపాటు రాలిపోయింది, మచ్చకూ దానికీ సంబంధం లేదు అని ప్రత్యూష ఉత్సాహంగా వివరించింది. ఇన్నాళ్ళ బరువు ఈ క్షణంలో దిగిపోతుందనీ, ఆవిడ పరుగున వెళ్ళి మనవరాలిని ఎత్తుకుంటుందనీ ప్రత్యూష ఆశ. వరహాలమ్మ ఆ రాళ్ళను అరచేతిలో అటూ ఇటూ కదిపి చూసింది.

"అయితే బాబూ, రాళ్ళు కడక్కుండా లోపలెట్టి కట్టు కట్టేసింది నేనే కదండీ" అంది.

తల్లుల దగ్గర తప్పుకు ఎప్పుడూ చోటు ఉంటుంది. ఒక అరలోంచి తీసేస్తే ఇంకో అరలో పెట్టుకుంటారు. నీ తప్పేమీ లేదని గురువు గారు సముదాయిస్తారని ప్రత్యూష ఎదురుచూసింది. ఆయన సముదాయించలేదు.

"అవునమ్మా, కడగాల్సింది" అన్నారు విశ్వపతి గారు. "ఇప్పుడు కడుగు. ఈ కుట్టుకి రోజూ కట్టు మార్చాలి. ఆ పని నీదే."

ముసలావిడ కంటే ముందు ప్రత్యూష కంగారుపడింది. ఆయన్ను బయటికి పిలిచి, ఆ పని నర్సుకు అప్పగిద్దామంది, చేతివైద్యం అలవాటు అంత తేలిగ్గా పోదని గుర్తుచేసింది. "ఇంటికెళ్ళి మళ్ళీ ఏ పొడో అద్దితే?" అంది.

"అద్దితే మళ్ళీ కడుగుదాం" అన్నారాయన.

మర్నాడు తొలి కట్టు ఆయనే దగ్గరుండి విప్పించారు. చేతులు సబ్బుతో ఎలా తోముకోవాలో, కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి ఎండిన నెత్తురు ఎలా నానబెట్టాలో, ఆ పైన వాజిలిన్ పల్చగా ఎలా రాయాలో చూపించారు. రాయవలసినది అదొక్కటే, వంటింట్లోంచి మరేదీ రాకూడదు. వరహాలమ్మ దూది పట్టుకుంది. చెంప దగ్గరికి వెళ్ళేసరికి కళ్ళు గట్టిగా మూసుకుంది.

"కళ్ళు మూసుకుని కడిగితే నీళ్ళు పిల్ల కంట్లో పడతాయమ్మా" అన్నారు విశ్వపతి గారు, మామూలుగా.

దాంతో ఆవిడ చూడక తప్పలేదు. పాతికేళ్ళ తరవాత కూతురి మొహాన్ని అంత దగ్గరగా చూసింది. చూస్తూ, కడుగుతూ, "నీకిక్కడ పుట్టుమచ్చుందే, ఎప్పుడొచ్చింది?" అని అడిగింది. సత్యవేణి కుట్లు కదులుతాయని నవ్వూ ఏడుపూ రెండూ ఆపుకుని పడుకుంది. నర్సులు ఏవో పనులున్నట్టు అటు తిరిగారు.

కుట్లు తీశాక ఆయన ఆవిడకు మరో పని పెట్టారు. గీత గట్టిపడకుండా, పొద్దునా సాయంత్రం వేలికొసతో మెల్లగా ఒత్తాలి, కూతురు ఎండలోకి వెళ్తుంటే గొడుగు చేతికివ్వాలి. అది అద్దం ముందు సత్యవేణి చేసుకోలేని పనేమీ కాదు. ఆయన ఆ సంగతి చెప్పలేదు, సత్యవేణి అడగలేదు.

ఎండలు తగ్గి తొలకరి పడ్డాక తల్లీకూతుళ్ళు మళ్ళీ వచ్చారు. ప్రత్యూష చెంపను దీపం కింద పెట్టి శ్రద్ధగా పరీక్షించింది. మచ్చ పోయింది. సన్నటి గీత మిగిలింది. కంటి దగ్గర నాలుగైదు చుక్కలు అలాగే ఉన్నాయి. వాటిని చూస్తే తన పనే సగంలో ఆగినట్టు అనిపించి, "ఇవి కూడా లేజర్‌తో ప్రయత్నిద్దామండీ, మళ్ళీ కొయ్యక్కర్లేదు" అంది.

"ఉండనివ్వండి" అంది సత్యవేణి. "గీత మెత్తబడిపోయింది, ఇంకెందుకమ్మా అంటే, చుక్కలున్నాయి కదా అని మా అమ్మ పొద్దున్నే వచ్చి కూర్చుంటది. అవీ పోతే ఇంకే వంకతో వత్తదండి?"

ప్రత్యూష తలుపు అద్దంలోంచి బయటికి చూసింది. వరహాలమ్మ బెంచీ మీద కాళ్ళు చాపుకుని, వాటి మీద మనవరాలిని పడుకోబెట్టుకుంది. రెండు వేళ్ళతో పిల్ల ముక్కును పట్టి, కింద నుంచి పైకి నొక్కుతూ, పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషితో చెబుతోంది: "అంతా ఆళ్ళ నాన్న పోలికండి. ఇలా నొక్కాపోతే చప్పిడి ముక్కయిపోద్ది." పిల్ల ఆవిడ గాజులు పట్టుకుని లాగుతూ కేరింతలు కొడుతోంది.

విశ్వపతి గారు కూడా వచ్చి శిష్యురాలి పక్కన నిలబడ్డారు. చదువు ఊరుకోనివ్వక ప్రత్యూష మెల్లగా అంది.

"సార్, నొక్కితే ముక్కు లేవదు. ఆవిడకి చెప్పనా?"

ఆయన ఈసారి జవాబుకు ఆలస్యం చెయ్యలేదు.

"ముక్కు లేవదని చెప్పు. చెయ్యి తియ్యమని మాత్రం చెప్పకు."