చెమర్చే కుండ

అప్పలజోగి గారికి ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు లేదు. విని, కాసేపు కళ్లు మూసుకుని, ఏదో ఒక పని పురమాయించేవారు. జ్ఞానం కోసం వచ్చినవాళ్లు చీపురు పుచ్చుకుని వెనుదిరగడం ఆయన ఆశ్రమంలో మామూలే. ఆ ఏడు వేసవి మొదట్లో గౌరీశ్వరికీ అదే జరిగింది.

తోటల మీదుగా పండిన జీడిమామిడి వాసన తేలి వస్తున్న రోజులవి. ఎండ ఇంకా ముదరలేదు. మధ్యాహ్నాలు సగం నిద్రలో నడుస్తున్నట్టుండేవి. ఎటు చూసినా మల్లెలు, పేపరు విప్పితే మాత్రం యుద్ధం. ఎక్కడో సముద్రంలో ఓడల మీద బాంబులు పడుతున్నాయట. గౌరీశ్వరి తమ్ముడు ఎర్రన్న ఆ సముద్రంలోనే ఒక సరుకుల ఓడ మీద వంటవాడు. అతని దగ్గర్నుంచి ఫోను రావడం ఆగిపోయింది.

“గురువుగారూ, మనసు రాయి చేసుకోవడం ఎలాగో చెప్పండి,” అని అడిగిందామె. “నేను ఏడిస్తే మా అమ్మ తట్టుకోలేదు. వార్తలు వినడం మానేశాను. అయినా లోపల తడి ఆరడం లేదు.”

ఆయన కళ్లు తెరిచి, “రోడ్డు పక్కన చలివేంద్రం పెట్టాలి. కొత్త కుండలు వచ్చాయి, చూడు,” అన్నారు. అంతే.

పాపం, శ్రద్ధగానే చేసింది. తాటాకు పందిరి కింద ఇసుక పోసి కుండలు నిలబెట్టి నీళ్లు నింపింది. వాటి మీద సున్నంతో ముగ్గులు వేస్తే చెమ్మకు కారిపోయాయి. చిరాకేసి, కిటికీలకు వేయగా మిగిలిన నీలం పెయింటు తెచ్చి మెడదాకా దట్టంగా పూసేసింది. చివరి కుండకు మాత్రం పెయింటు చాల్లేదు. మర్నాడు నీలం కుండలు ఒక్క చుక్క చెమ్మ లేకుండా మెరిసిపోతుంటే మురిసిపోయింది. చెమర్చని కుండ నీళ్లను చల్లబరచదన్న సంగతి, ఆ ఊళ్లో పుట్టి పెరిగి కూడా, ఆమెకు తోచనే లేదు.

జీడిపళ్ల బుట్ట దించుకుని మొదటి గ్లాసు తాగిన ముసలమ్మ మొహం చిట్లించింది.

“ఏటమ్మా ఇది, నీళ్లు ఏడిగున్నాయి! కుండలోవేనా?”

గౌరీశ్వరి తెల్లబోయింది. జోగి గారు అరుగు దిగి వచ్చి, పెయింటు అందని కుండలోంచి ముంచి ఇచ్చారు. ఆ కుండ ఒళ్లంతా చెమర్చి, కింద ఇసుక తడిసి ఉంది. ముసలమ్మ గటగటా తాగి, నెత్తి మీద ఇంకాస్త చల్లుకుని, గౌరీశ్వరి గడ్డం పట్టుకుంది.

“సల్లగుండు తల్లీ. నీ తోడబుట్టినోళ్లు ఎక్కడున్నా సల్లగుండాల.”

ఆ మాటతో ఇన్నాళ్లూ బిగపట్టుకున్నదంతా ఒక్కసారిగా కళ్లలోకి వచ్చేసింది. రోడ్డు మీంచి ఇంకెవరో దాహంతో పందిరి కేసి వస్తున్నారు. గౌరీశ్వరి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, “లోపలికెళ్లి వస్తాను గురువుగారూ, నన్నిలా చూస్తే బాగుండదు,” అంది.

ఆయన తడి కుండ మీద కాసేపు అరచెయ్యి ఆనించి, ఆ చేత్తోనే గ్లాసు తీసి ఆమెకు అందించారు.

“ఉండమ్మా. కళ్లు చెమరిస్తే చెమర్చనీ. నువ్వు నీళ్లు పొయ్యి.”