వెండి నీళ్ళ గ్లాసు

మన్నేటి ఒడ్డున చిన్న ఆశ్రమంలో ఉండే అయ్యవారికి ఒక అలవాటు. ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పరు, పని చెబుతారు. కొందరు ఆ పని చేసి బుద్ధి తెచ్చుకున్నారు, ఇంకొందరు ప్రశ్నలడగడమే మానేశారు.

శిష్యుడు కోదండం ఒకనాడు అడిగాడు: "మంచి మనసుతో చేసింది చెడెట్లా అవుతుందయ్యా?"

ఊరికే అడగలేదు. ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసి బతికే కోదండం ఫోనులో వీడియోలు చూసి వెండి నీళ్ళు చేయడం నేర్చాడు. గ్లాసు నీళ్ళలో రెండు వెండి తీగలు వేలాడదీసి పాత ఛార్జరుతో కరెంటిస్తే వెండి నీళ్ళలోకి దిగుతుంది, అవి తాగితే ఏ రోగమైనా పోతుందని ఆ వీడియోల మాట. నమ్మాడు. నమ్మి ఊరుకున్నా బాగుండేది. పొరుగింటి మాలకొండయ్యకు చక్కెర జబ్బు, కాలి వేలికి పుండు. వేలు తీసేస్తే కాలు దక్కుతుందని డాక్టరు చెప్పాడు. కత్తంటే హడలిపోయే మనిషికి కోత అక్కర్లేదు, ఈ నీళ్ళు తాగితే చాలన్న కోదండం మాట దేవుడి మాటలా వినబడింది. గ్లాసూ తీగలూ ఛార్జరూ కోదండమే వాళ్ళింట్లో అమర్చి, పైసా పుచ్చుకోకుండా వచ్చాడు. వేలు నల్లబడింది, తర్వాత పాదం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆసుపత్రికి పరిగెత్తారు గానీ మనిషి దక్కలేదు.

అప్పట్నుంచి కోదండానికి కంటిమీద కునుకు లేదు. 'నీ తప్పేం లేదురా' అనే ఒక్క మాట కోసం గురువు దగ్గరికి వచ్చాడు.

అయ్యవారు బియ్యం మూట చూపించారు. "రేపు మాలకొండయ్య పదోరోజు. ఇది వాళ్ళింట దించి రా. వాళ్ళేమిచ్చినా కాదనకు."

మర్నాడు కోదండం మూట దించేసరికి పెరట్లో ఆడవాళ్ళు మాలకొండయ్య భార్య పెంచలమ్మ చుట్టూ కూర్చుని ఉన్నారు. గాజులు తీయడం అయింది. మేనత్త వంగి ఆమె కాళ్ళు పట్టుకుని, "మెట్టెలేవే?" అంది.

"గ్లాసులో వేసినా అత్తా. కోదండమన్న తెచ్చిన తీగలు అరిగిపోయినాయి. నీళ్ళు ఆగితే ఈయన ప్రాణం ఆగుతుందని నేనే తీసి ఛార్జరు వైర్లకు తగిలించినా. దారాల్లాగా సన్నబడి విరిగిపోయినాయి."

వేళ్ళ మీద తెల్లటి గుర్తులు మాత్రం మిగిలాయి. ముసలామె వాటినే కాసేపు తడిమి, తీయడానికేమీ లేక చేతులు దులుపుకుని లేచింది. ఆ మెట్టెల సంగతి కోదండానికి తెలియడం అప్పుడే. చప్పుడు కాకుండా వెనుదిరిగాడు. గడప దాటబోతుంటే పెంచలమ్మ చూసింది.

"ఎండనబడి వచ్చినావు, మజ్జిగ తాగిపో అన్నా."

కోపం లేదు ఆ గొంతులో. ఎవరో మజ్జిగ తెచ్చి చేతికిచ్చారు. అదే గాజు గ్లాసు. అడుగున, ఎంత తోమినా పోని బూడిదరంగు చార. నాలుక పిడచగట్టుకుపోతున్నా కోదండం గ్లాసును అరుగు మీద పెట్టి వచ్చేశాడు.

జరిగిందంతా గురువుకు చెప్పాడు. అయ్యవారు ఒకటే అడిగారు.

"మజ్జిగ తాగావా?"

"లేదయ్యా. ఆ గ్లాసు చూసి నోటిదాకా పోలేదు."

"అదేమిరా, పాపం ఆమె మంచి మనసుతోనే ఇచ్చింది గదా" అన్నారు అయ్యవారు.