ఎవరూ మిగలని జట్టు

తుమ్మికొండ అడవిలో దుప్పులు, కుందేళ్లు, అడవిపందులు కలిసిమెలిసి ఉండేవి. వానాకాలం ముగిశాక చుట్టుపక్కల అడవులన్నీ బుట్టబంతి పోటీ పెట్టుకునేవి. చెట్టుకొమ్మకు కట్టిన బుట్టలో ఎక్కువసార్లు బంతి వేసిన జట్టుదే గెలుపు.

తుమ్మికొండ జట్టుకు ఆట నేర్పేది భల్లయ్య అనే ఎలుగుబంటి. ఏటా గెలుపు అతనిదే. "మంచి ఆటగాళ్లు ఎక్కడున్నా పట్టుకొస్తాను. అదే నా గొప్ప" అనేవాడు.

ఆ జట్టుకు ప్రాణం చెంగి అనే దుప్పి. ఒకరోజు ఆడుతూ ఆడుతూ కాలు బెణికి పడిపోయింది.

"గురువుగారూ, నయమయ్యేదాకా నా చోటు ఉంచుతారా?" అని అడిగింది.

"చూద్దాంలే" అని భల్లయ్య పొరుగడవికి బయలుదేరాడు. అక్కడి కొండముచ్చులకు తేనెపట్లు ఆశచూపి వెంటబెట్టుకొచ్చి, వాటినే ఆటలోకి దింపాడు. పాత ఆటగాళ్లు గట్టుమీద కూర్చుని చూస్తూ ఉండిపోయారు. చెంగి పొదలో ఒక్కతే పడి ఉంది. భల్లయ్య రోజూ ఆ దారినే వెళ్లేవాడు గానీ, ఒక్కసారీ ఆగలేదు.

వాగు అవతలి జట్టుకు నీలవ్వ అనే నీటికుక్క పెద్ద. సంగతి తెలిసి ఆమె వాగు ఈదుకుంటూ వచ్చి, చెంగి కాలికి ఆకుపసరు రాసి, పొద్దుగూకేదాకా కబుర్లు చెప్పి వెళ్లేది. కాలు బాగయ్యాక చెంగి వాగు దాటి వెళ్లిపోయింది. గట్టుమీది వాళ్లూ ఒక్కొక్కరే దాని వెనకే నడిచారు.

"పోతే పోనీ, ఇంకొకరు దొరక్కపోతారా" అనుకున్నాడు భల్లయ్య.

పోటీ దగ్గరపడింది. పై అడవి వాళ్లు సీతాఫలాలు ఇస్తామనగానే కొండముచ్చులు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాయి. భల్లయ్య అడవులన్నీ తిరిగాడు. "మీ దగ్గర కాలు బెణికితే చూసే దిక్కు ఉండదట కదా" అని అందరూ మొహం తిప్పుకున్నారు.

చివరికి చెంగి దగ్గరికే వెళ్లాడు.

"నీలవ్వ నీకేమిచ్చింది? అంతకు రెట్టింపు ఇస్తాను, వచ్చెయ్."

"ఏమీ ఇవ్వలేదు గురువుగారూ. పక్కన కూర్చుంది, అంతే. పొదలో పడుకుని మీ అడుగుల చప్పుడు వినేదాన్ని. ఇవాళైనా ఆగుతారేమో అనుకునేదాన్ని."

భల్లయ్య వెనుదిరిగాడు. తల దించుకుని వాగు దాటాడు.

పోటీ రోజు సందడంతా అవతలి ఒడ్డునే. నీలవ్వ జట్టు గెలిచినట్టుంది, కేరింతలు వినిపించాయి. ఇవతల ఖాళీ మైదానంలో భల్లయ్య బంతి విసిరాడు. అది సూటిగా బుట్టలో పడింది. మెచ్చుకునేవారు లేరు. తిరిగి అందించేవారూ లేరు. మెల్లగా నడిచి వెళ్లి, బంతి తనే తెచ్చుకున్నాడు.

నీతి: ఆశచూపి తెచ్చుకున్నవారు ఆశ ఉన్నంతవరకే ఉంటారు, కష్టంలో పక్కన నిలిచినవారిని ఎవరూ విడిచిపోరు.