వలిసెల కుప్ప మీద పింగళ

జీలుగుకొండ అడవిలో కుందేళ్లు, ముంగిసలు, కౌజు పిట్టలు, అడవికోళ్లు ఉండేవి. ఆ కోళ్లలో పర్ల, పింగళ అక్కచెల్లెళ్లు. ఒకే పూట గుడ్లలోంచి బయటపడినా పర్ల కాస్త ముందు వచ్చింది కాబట్టి అక్క అయింది.

ఇద్దరికీ వయసు మీదపడింది. కిందటేడు పెట్టిన గుడ్లలో ఒక్కటీ పిల్ల కాలేదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఏడ్చారు. అప్పుడు వాళ్ల మధ్య ఎంత ప్రేమో!

ఈ ఏడు పర్ల తొమ్మిది గుడ్లు పెట్టింది. కౌజు పిట్ట పనిగట్టుకుని వచ్చి ఆ కబురు పింగళకు చెప్పింది. పింగళ కడుపు భగ్గుమంది.

"ఇద్దరం ఒకే పూట పుట్టాం. దానికి తొమ్మిదా? నాకు ఒక్కటీ లేదా?"

ఆ రోజు దానికి మేత సహించలేదు. మర్నాడు నవ్వు పులుముకుని అక్క గూటికి వెళ్లింది.

"ఏం తింటున్నావక్కా?"

పర్ల ఏమీ దాచలేదు. "అడవి అంచున రైతులు కళ్లం ఊడ్చి పోసిన వలిసెల కుప్ప ఉంది. నల్లటి నూనె గింజలు. మన వయసులో ఒంటికి కాస్త కొవ్వు కావాలి చెల్లీ. రోజుకు పది గింజలు తిను. తర్వాత చెదలు ఏరుకుంటూ వాగు దాకా నడువు. అంతకు మించి తినకు. ఒంట్లో కొవ్వు ఎక్కువైతే గుడ్డు దిగదు."

పింగళ తల ఊపింది. దారంతా మాత్రం కుతకుతలాడింది.

"అంత కుప్ప ఉంటే నాకు పది గింజలట! మిగతాదంతా తనకే కావాలి. నాకు ఇరవై పిల్లలు పుడతాయని దాని భయం!"

చూశారా పిల్లలూ! అక్క ఉన్నమాట చెబితే ఈ మహాతల్లికి అందులో పిసినారితనమే కనిపించింది.

మర్నాటి నుంచి పింగళ ముక్కు ఎత్తకుండా గింజలు మెక్కింది. అక్క వచ్చి తింటుందేమోనని కుప్ప మీదే రెక్కలు పరుచుకుని కూర్చుంది.

ఒకరోజు పర్ల మేతకు వచ్చి చెల్లెల్ని చూసి కంగారు పడింది.

"నాకు పెట్టకపోతే పెట్టకపోయావు గానీ, లేచి నాలుగడుగులు నడవవే!"

"నీ ఏడుపు నాకు తెలుసులే!" అంది పింగళ.

పర్ల చెదలు ఏరుకుంటూ వెళ్లిపోయింది.

పింగళ పొట్ట బానలా ఉబ్బింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఒకరోజు నానా అవస్థ పడి ఒక్క గుడ్డు పెట్టింది. దానికి పెంకే లేదు, ఉత్త తోలుగుడ్డు. ఆ తర్వాత అదీ లేదు. గుడ్లు పెట్టే రోజులు కాస్తా గడిచిపోయాయి.

తొమ్మిది గుడ్లలో ఒకటి మురిగిపోయినా, పర్ల ఎనిమిది పిల్లల్ని వెంటేసుకుని ఆ దారిన వచ్చింది. ఒక పిల్ల పరుగున వెళ్లి పింగళ రెక్క కిందికి తొంగిచూసింది.

"పిన్నీ, మా అమ్మ కూడా మా మీద ఇలాగే కూర్చుంటుంది. నీ పిల్లలు ఎప్పుడు బయటికి వస్తారు? మేం ఆడుకోవాలి."

పింగళ లేవబోయింది, లేవలేకపోయింది. దాని కింద పొట్టు తప్ప ఏమీ లేదు.

నీతి: అసూయపడేవాళ్లకు మంచి సలహా కూడా మోసంలాగే తోస్తుంది, మేలు చేసేదైనా మితం తప్పితే కీడే చేస్తుంది.